తుంటి ఆపరేషన్‌కి ముందు గుండె పరీక్ష: మా అత్తయ్యగారి విషయంలో నా అనుభవం

ఇంట్లో పెద్దవాళ్ళకి తుంటి విరిగితే ఎముకల డాక్టరు నోట మొదట వచ్చే మాట ఆపరేషన్. ఆ వెంటనే వచ్చే మాట గుండె ఫిట్‌నెస్. ఈ రెండింటి మధ్య ఎంత సమయం పోయిందన్నదాన్నిబట్టే మనిషి మళ్ళీ లేచి తిరుగుతారా, మంచానికే అంటుకుపోతారా అన్నది చాలావరకు తేలిపోతుంది. మా అత్తయ్యగారికి 81వ ఏట తుంటి విరిగింది. ఆస్పత్రిలో పక్కన ఉన్నది నేనే కాబట్టి చూసిందీ, విన్నదీ, తర్వాత చదివి తెలుసుకున్నదీ రాస్తున్నాను. మా కోనసీమలో ఏ వీధి చూసినా ఇళ్ళల్లో పెద్దవాళ్ళే ఉంటున్నారు. పిల్లలు హైదరాబాదులోనో కువైట్‌లోనో ఉంటారు. నిర్ణయాలన్నీ ఫోన్లోనే జరుగుతాయి. అలాంటి వాళ్ళకి ఇది పనికొస్తుందని నా ఆశ.

మాది ముమ్మిడివరం దగ్గర ఒక పల్లె. ఆ రోజు కార్తీక సోమవారం. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి అత్తయ్యగారు ఆ ఉపవాసం మానింది లేదు. చుక్క కనిపించేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టరు. "మందుకి ఉపవాసం లేదు" అంటూ పొద్దున బీపీ మాత్ర మాత్రం వేసుకున్నారు. సాయంత్రం తులసికోట దగ్గర దీపం పెట్టి, పీట మీంచి లేచి, రెండడుగులు వేసి పడిపోయారు. నేను వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చేసరికి నేల మీద ఉన్నారు. కుడి కాలు పొట్టిగా కనిపిస్తోంది, పాదం బయటికి తిరిగిపోయింది. కదపబోతే కేక పెట్టారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు చూసి, "ఇది తుంటేనండి, ఇక్కడ ఆగకండి" అన్నారు. వీధిలో ఒకాయన పుత్తూరు కట్టు మాట ఎత్తారు. తుంటి మెడ దగ్గర ఎముక విరిగి పక్కకి జరిగిపోయాక ఆ వయసులో కట్టుతో అతుక్కోవడం కల్ల. పైగా కట్టు ఉన్నన్నాళ్ళూ మంచం దిగడానికి ఉండదు. మా మేనత్త ఒకావిడ ఇలాగే కాలికి బరువు కట్టించుకుని ఇంట్లోనే పడుకుని, వీపంతా పుళ్ళు పడి, ఆయాసం వచ్చి, లేవకుండానే పోయారు. అది కళ్ళారా చూసినదాన్ని. 108కి ఫోన్ చేశాం.

దగ్గర టౌన్లో ఒక నర్సింగ్ హోమ్‌లో ఆ రాత్రే ఎక్స్‌రే తీసి తుంటి మెడ విరిగిందని చెప్పారు. బంతి భాగం తీసేసి కొత్తది పెట్టాలన్నారు. అక్కడిదాకా బాగానే ఉంది. మర్నాడు పొద్దున వచ్చి, ఈసీజీలో "మార్పులు" ఉన్నాయన్నారు. ఏం మార్పులండీ అంటే సమాధానం లేదు. గుండె డాక్టరుగారు వాళ్ళ దగ్గరికి శుక్రవారం వస్తారట. ఆయన ఎకో (గుండెకి చేసే అల్ట్రాసౌండ్ పరీక్ష) తీసి ఫిట్‌నెస్ రాసిస్తే శనివారం ఆపరేషన్ పెట్టుకుందామన్నారు. అప్పటిదాకా కాలికి బరువు, నొప్పికి ఇంజెక్షన్లు. ఆ ఈసీజీ తీసినవాళ్ళు గానీ, ఆ మాట చెప్పినవాళ్ళు గానీ ఆవిడ గుండె మీద స్టెతస్కోపు పెట్టి ఒక్కసారి వినలేదు. ఇది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

"మార్పులు" అన్న ఒక్క మాటతో ఇంట్లో టెన్షన్ మొదలైంది. మా మరిది కువైట్‌లో ఉంటాడు. "వదినా, తొందరపడకండి. ముందు గుండె మొత్తం చూపించండి. అవసరమైతే యాంజియో కూడా చేయించండి. డబ్బు సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు. అమ్మ మీద ప్రేమ, దూరంగా ఉన్నానన్న బెంగ, రెండూ ఆ గొంతులో ఉన్నాయి. మావారు ఎటూ చెప్పలేక కూర్చున్నారు. మా అక్క కూతురు కాకినాడలో నర్సుగా చేస్తోంది. దానికి ఫోన్ చేస్తే, "శుక్రవారం దాకా ఎందుకు పిన్నీ? ఇక్కడ మత్తు డాక్టరుగారే మంచం దగ్గర ఎకో పెట్టి చూసుకుంటారు. తీసుకొచ్చెయ్యండి" అంది. నేను గట్టిగా పట్టుబట్టాను. మధ్యాహ్నానికి అంబులెన్స్ మాట్లాడుకుని యెదుర్లంక దగ్గర బాలయోగి వారధి దాటి, యానాం మీదుగా కాకినాడ చేరాం. దారిలో ప్రతి గుంతకీ ఆవిడ నా చెయ్యి నలిపేశారు.

అక్కడ మొట్టమొదట చేసింది గుండె పరీక్ష కాదు, నొప్పి తగ్గించడం. మత్తు డాక్టరుగారు చిన్న వయసావిడే. గజ్జల దగ్గర చిన్న అల్ట్రాసౌండ్ పెట్టి చూస్తూ, తుంటికి వెళ్ళే నరాల చుట్టూ మందు ఎక్కించారు. మానిటర్‌లో అప్పటిదాకా 112 దగ్గర ఉన్న గుండె వేగం అరగంటలో 88కి దిగింది. బీపీ కూడా కాస్త దిగింది. "మామ్మగారి గుండెకి నేనిచ్చిన మొదటి మందు ఇదేనమ్మా" అన్నారావిడ నాతో. నొప్పి ఉన్నంతసేపూ గుండె పరిగెడుతూనే ఉంటుంది. ముసలి గుండె అలా రోజుల తరబడి పరిగెడితే దానికే ఆక్సిజన్ చాలక దెబ్బ తింటుంది. గుండె బాగుందో లేదో తేలాకే తుంటి సంగతి చూద్దామని మనం అనుకుంటాం. విరిగిన తుంటిని అలా వదిలేస్తే గుండె కూడా పాడవుతుందన్న సంగతి నాకు ఆ మానిటర్ దగ్గరే అర్థమైంది.

తర్వాత స్టూలు లాక్కుని కూర్చుని ప్రశ్నలు మొదలుపెట్టారు. "మామ్మగారూ, ఎలా పడ్డారు?"

"కాలు జారిందమ్మా. నాచు."

"జారాక పడ్డారా, కళ్ళు తిరిగాయా? పడ్డప్పుడు నేల తగలడం గుర్తుందా?"

అత్తయ్యగారు మాట్లాడలేదు. డాక్టరుగారు నా వైపు చూశారు. నేను చూడలేదన్నాను. చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. దీపం చూడ్డానికి వచ్చిన పక్కింటి పాప అక్కడే ఉందని గుర్తొచ్చి వాళ్ళింటికి ఫోన్ చేశాను. ఎనిమిదో తరగతి చదివే పిల్ల. స్పీకర్‌లో పెడితే పూసగుచ్చినట్టు చెప్పింది: "జారలేదండి. మామ్మగారు తులసికోట పట్టుకుని ఒక్క నిమిషం నిలబడ్డారండి. తర్వాత తల వాల్చేసి కూలబడిపోయారు. పిలిస్తే పలకలేదు. కాసేపటికి కళ్ళు తెరిచారండి."

అత్తయ్యగారు మొహం అటు తిప్పుకున్నారు. నెమ్మదిగా అన్నారు, "ఉపవాసం వల్లే పడ్డానంటారు. ఇంక చెయ్యనివ్వరు." డాక్టరుగారు కోప్పడలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని, "మీ ఉపవాసం మీద నాకేం కోపం లేదు మామ్మగారూ. జారి పడితే ఒక దారి, తూలి పడితే ఒక దారి. అందుకే అడుగుతున్నాను" అన్నారు. తర్వాత నాకు వివరంగా చెప్పారు. పెద్దవాళ్ళు కళ్ళు తిరిగి పడ్డారంటే కారణం చూడాలి. గుండె లయ తప్పి ఉండొచ్చు, గుండె కవాటం (వాల్వ్) ఇరుకై ఉండొచ్చు, ఒంట్లో నీరు తగ్గి లేచి నిలబడగానే బీపీ పడిపోయి ఉండొచ్చు. పొద్దుట్నుంచి ఏమీ తినకుండా, మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు కలిసిన బీపీ మాత్ర వేసుకుంటే ఆ మూడోది తేలిగ్గా జరుగుతుంది. కానీ మొదటి రెండూ లేవని తేల్చుకోవాలి కదా అన్నారు. ఎంత ఖరీదైన మిషనుకైనా దొరకని ఆ సమాచారం ఎనిమిదో తరగతి పిల్ల దగ్గర దొరికింది.

ఆ తర్వాత అడిగినవి కూడా రాస్తున్నాను. ఎందుకంటే వీటికి జవాబు చెప్పగలిగేది ఇంట్లోవాళ్ళే. పడకముందు, పోయిన వారం, ఆవిడ ఏం పని చేసుకునేవారు? మేడ మెట్లు ఆగకుండా ఎక్కగలరా? నడుస్తుంటే గుండెల్లో బరువుగా, ఆయాసంగా ఉంటుందా? రాత్రి తలకింద ఒక దిండు చాలా, రెండు కావాలా? నిద్రలో ఊపిరాడక లేచి కూర్చున్న రోజులున్నాయా? సాయంత్రానికి పాదాలు వాస్తాయా? మా ఇంటి మేడ ఎక్కడం ఆవిడ ఏడాదిగా మానేశారు. మోకాళ్ళ నొప్పులని మేం అనుకున్నాం. ఆలోచించి చూస్తే, గుడికి వెళ్ళేటప్పుడు దారిలో చప్టా మీద కూర్చుని ఆగి వెళ్ళడం కూడా ఆ మధ్యనే మొదలైంది. ఆ చప్టా మాట చెప్పగానే డాక్టరుగారు రాసుకోవడం ఆపి తలెత్తి, "కూర్చున్నప్పుడు మోకాలు పట్టుకుంటారా, గుండె పట్టుకుంటారా?" అని అడిగారు. నేను కాసేపు తలుచుకుని, కొంగుతో మొహం తుడుచుకుంటూ ఊపిరి తీసుకునేవారని చెప్పాను.

మందుల డబ్బా వెంట తెచ్చాం, అది చాలా పనికొచ్చింది. స్ట్రిప్‌లు ఒక్కోటీ తిప్పి చూశారు. టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర ఒకటి, ఎకోస్ప్రిన్ 75 (ఆస్పిరిన్) ఒకటి. చివరిసారి ఏది ఎప్పుడు వేశామో అడిగారు. ఎకోస్ప్రిన్ కోసం ఆపరేషన్ ఆపక్కర్లేదన్నారు. క్లోపిడోగ్రెల్ గానీ, ఎసిట్రామ్ లాంటి రక్తం పలచబరిచే మందులు గానీ ఉంటే మత్తు ఇచ్చే పద్ధతి, సమయం మారతాయి కాబట్టి అవేమీ లేవని రెండుసార్లు రూఢి చేసుకున్నారు. బీపీ మాత్ర ఆపరేషన్ పొద్దున వెయ్యొద్దన్నారు. పక్క మంచం పెద్దాయన గుండె వేగం తగ్గించే మాత్ర, మెటోప్రొలాల్, చాలా ఏళ్ళుగా వాడుతున్నారట. ఆయనకి మాత్రం అది ఒక్కరోజు కూడా ఆపొద్దని చెప్పారు. అలవాటున్నవాళ్ళకి హఠాత్తుగా ఆపడం మంచిది కాదట. అలవాటు లేనివాళ్ళకి ఆపరేషన్ రోజున కొత్తగా మొదలుపెట్టడమూ మంచిది కాదట.

అప్పుడు స్టెతస్కోపు పెట్టారు. రొమ్ము ఎముకకి కుడివైపు, పైన, రెండో పక్కటెముక కింద చాలాసేపు విన్నారు. తర్వాత మెడ మీద రెండు పక్కలా పెట్టారు. నన్ను పిలిచి నా చెవులకి ఇచ్చారు. లబ్ డబ్ అని వినపడాల్సిన చోట మధ్యలో గరగరమనే శబ్దం సాగుతూ వినిపించింది. "ఇది మెడదాకా వినపడుతోంది. అందుకని ఇప్పుడు ఎకో అవసరం" అన్నారు. అందరికీ అవసరం లేదని కూడా అప్పుడే చెప్పారు. కారణం లేకుండా ప్రతి తుంటి పేషెంటుకీ ఎకో తియ్యమని అమెరికా గుండె వైద్యుల మార్గదర్శకాలు కూడా చెప్పవట. ఇలా శబ్దం వినపడినా, కారణం తెలియని ఆయాసం ఉన్నా, పాత గుండె జబ్బు ఈ మధ్య ముదిరినట్టున్నా చూడాలి. బ్రిటన్ మత్తు డాక్టర్ల సంఘమైతే ఎకో కోసం ఎదురుచూడటాన్ని ఆపరేషన్ వాయిదాకి ఒప్పుకోదగిన కారణంగా లెక్కలోకే తీసుకోలేదని తర్వాత చదివాను.

ఎకో మిషన్ మంచం దగ్గరికే వచ్చింది. మామూలుగా ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి చూస్తారు. విరిగిన తుంటితో అలా తిప్పడానికి లేదు. వెల్లకిలానే ఉంచి, పక్కటెముకల సందుల్లోంచి, పొట్ట పైభాగం నుంచి చూశారు. టీ తాగినంతసేపు కూడా పట్టలేదు. గుండె కొట్టే బలం 58 శాతం ఉంది, మంచిదే. గుండెలోంచి ఒంటికి రక్తం వెళ్ళే దారిలో ఉండే అయోర్టిక్ కవాటం మాత్రం ఇరుకైంది. మూడు నాలుగు చదరపు సెంటీమీటర్లు తెరుచుకోవలసింది 1.1 దగ్గర ఆగిపోతోంది. ఒకటికి తగ్గితే తీవ్రం అంటారు. అత్తయ్యగారిది మధ్యస్థం, తీవ్రానికి దగ్గరలో ఉంది. "మీ కాలవ తూము తలుపు సగానికి పైన లేవడం లేదనుకోండి. వెనక నీళ్ళెన్ని ఉన్నా చేలోకి వెళ్ళేది అంతే" అన్నారు డాక్టరుగారు. మాకు అంతకన్నా వివరం అక్కర్లేకపోయింది.

ఈ మాట వినగానే మా మరిది, "అయితే ముందు గుండెకే వైద్యం చేయిద్దాం, తర్వాతే తుంటి" అన్నాడు. ఫోన్ డాక్టరుగారికిచ్చాను. ఆవిడ ఎంతో ఓపిగ్గా మాట్లాడారు. ఇప్పుడు యాంజియో చేసి గుండె రక్తనాళాల్లో ఎక్కడో అడ్డు కనపడి స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే సన్నటి జాలీ గొట్టం) వేస్తే, ఆ తర్వాత రెండు రకాల రక్తం పలచబరిచే మందులు నెలల తరబడి వాడాలి. స్టెంట్ కొత్తగా ఉన్నప్పుడు ఆ మందులు ఆపితే స్టెంట్ మూసుకుపోతుంది, ఆపకుండా పెద్ద ఆపరేషన్ చేస్తే రక్తస్రావం. అంటే తుంటి ఆపరేషన్ ఇంకా దూరమైపోతుంది. గుండెపోటు నడుస్తున్న గుర్తులుంటే సంగతి వేరు, ఈవిడకి ఛాతీలో నొప్పి లేదు, ఈసీజీలో ఉన్నది ఎడమ గది గోడ మందంగా అయిన మార్పు, అది ఈ ఇరుకు కవాటం వల్ల వచ్చిందే. "ఒక్కటి ఆలోచించండి. ఈ పరీక్షలో ఏం తేలినా మీ అమ్మగారి తుంటికి ఆపరేషన్ తప్పదు. తేలినదాన్నిబట్టి నేను మత్తు ఇచ్చే పద్ధతి మార్చుకుంటాను. అందుకే చూశాను. రేపు పొద్దునే చేసేద్దాం" అన్నారు. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "సరేనండి, మీరు చూసుకోండి" అన్నాడు.

రక్త పరీక్షల్లో సోడియం 128, పొటాషియం 3.2 వచ్చాయి. హిమోగ్లోబిన్ 10.4. సోడియం తగ్గిందనగానే నాకు మళ్ళీ వాయిదా భయం పట్టుకుంది. మా అక్క కూతురు కూర్చోబెట్టి చెప్పింది. బ్రిటన్ మత్తు డాక్టర్లు 2011లో ఇచ్చిన సూచనల ప్రకారం ఆగి సరిచేసుకోవలసినవి కొన్నే: హిమోగ్లోబిన్ 8 కన్నా తక్కువ, సోడియం 120 కన్నా తక్కువ లేదా 150 కన్నా ఎక్కువ, పొటాషియం 2.8 కన్నా తక్కువ లేదా 6 కన్నా ఎక్కువ, గుండె లయ తప్పి నిమిషానికి 120 దాటి కొట్టుకోవడం, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరేంత గుండె నీరసం, ఒళ్ళంతా పాకిన ఛాతీ ఇన్‌ఫెక్షన్, అదుపు తప్పిన షుగరు, రక్తం గడ్డకట్టకపోవడం. ఇవైనా గంటల్లో సరిచేసే ప్రయత్నం జరగాలి గానీ రోజులు వదిలెయ్యడం కాదు. ఆవిడకి రాత్రంతా సెలైన్, పొటాషియం ఎక్కించారు. ఊరికే కడుపు మాడ్చలేదు కూడా. ఆపరేషన్‌కి ఆరు గంటల ముందుదాకా తేలిగ్గా తినొచ్చు, రెండు గంటల ముందుదాకా మంచినీళ్ళు తాగొచ్చు అన్నారు.

సంతకాల దగ్గర మావారి చెయ్యి ఆగింది. కాగితం మీద హై రిస్క్ అని రాసి ఉంది. టేబుల్ మీదే ప్రాణం పోవచ్చని అందులో ఉంది. ఎముకల డాక్టరుగారు అక్కడే ఉండి మాట్లాడారు. తుంటి విరిగిన పెద్దవాళ్ళలో ఆపరేషన్ అయినా సరే, ఏడాది తిరిగేలోగా నూటికి ఇరవై నుంచి ముప్ఫై మంది దాకా పోతున్నారు. అది దాచలేదు. కానీ ఆపరేషన్ చెయ్యకుండా పడుకోబెడితే నిమ్ము, పక్క పుళ్ళు, కాళ్ళలో రక్తం గడ్డలు, ఇవన్నీ ఆ గుండె మీదే పడతాయి. చేసేటట్టయితే 48 గంటల్లోపు చెయ్యడం మేలని, మేం ఆ గీత దాటకుండానే వచ్చామని చెప్పారు. మావారు సంతకం పెట్టారు.

నేను తర్వాత దీని గురించి వెతికి చదివాను. 2020లో లాన్సెట్ పత్రికలో హిప్ అటాక్ అనే అధ్యయనం వచ్చింది. మన దేశంతో కలిపి 17 దేశాల్లో 2,970 మంది తుంటి విరిగిన రోగులని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి విరిగిందని తేలిన దాదాపు 6 గంటల్లో ఆపరేషన్ మొదలైంది, రెండో జట్టుకి దాదాపు 24 గంటలకి. మరణాల్లో తేడా పెద్దగా రాలేదు. త్వరగా చేసినవాళ్ళలో మతి తప్పడం, మూత్ర ఇన్‌ఫెక్షన్లు తగ్గాయి, త్వరగా లేచి నిలబడ్డారు, త్వరగా ఇంటికెళ్ళారు. నాకు ఇందులో ముఖ్యంగా కనపడింది ఒకటి. ఆరు గంటల్లో చేసినా నష్టం జరగలేదంటే, అవసరమైన గుండె పరీక్ష ఆ కాస్త సమయంలోనే పూర్తి చేసుకోవచ్చన్నమాట. ఇందులో నెమ్మదిగా ఉన్న జట్టే 24 గంటల జట్టు. మాకు మొదట చెప్పింది శనివారం.

ఆపరేషన్ పొద్దున మణికట్టు దగ్గర ధమనిలో సన్నటి గొట్టం పెట్టారు, ప్రతి గుండె చప్పుడుకీ బీపీ కనపడేలా. మామూలుగా వెన్నుకిచ్చే మత్తు మోతాదు ఎక్కువైతే కాళ్ళలో రక్తనాళాలు వదులై బీపీ ఒక్కసారిగా పడుతుంది. కవాటం ఇరుకైనవాళ్ళ గుండె ఆ లోటు పూడ్చుకోలేదు. అందుకని మోతాదు బాగా తగ్గించి, నరాల బ్లాక్ సాయంతో నడిపించి, బీపీ నిలబెట్టే మందు ముందే సిద్ధంగా ఉంచుకున్నారు. కొత్త బంతిని ఎముకలో కూర్చడానికి సిమెంటు వాడేటప్పుడు కూడా కొందరికి బీపీ, ఆక్సిజన్ పడిపోతాయట. ఎముకల డాక్టరుగారు "సిమెంటు పెడుతున్నాను" అని పైకి చెప్పి, మత్తు డాక్టరుగారు సరే అన్నాకే పెట్టారని లోపల ఉన్న మా అక్క కూతురు చెప్పింది. ఈ జాగ్రత్తలన్నీ ఆ ముందురోజు స్టెతస్కోపు వల్ల వచ్చినవి.

బయటికి తెచ్చాక అంతా అయిపోయిందనుకున్నాం. కానీ గుండెకి అసలు కష్టకాలం ఆ తర్వాతి రెండు మూడు రోజులేనట. అప్పుడు వచ్చే గుండెపోటుకి ఛాతీలో నొప్పి ఉండకపోవచ్చు. నొప్పి మందుల్లో తెలియదు. ఆయాసం, చెమటలు, బీపీ పడటం, ఉన్నట్టుండి తికమకపడటం, ఇవే గుర్తులు. గుండె కండరం దెబ్బతింటే పట్టిచ్చే ట్రోపోనిన్ అనే రక్త పరీక్ష మళ్ళీ మళ్ళీ చేశారు. రెండో రాత్రి అత్తయ్యగారు పోయిన మావయ్యగారిని పిలుస్తూ, దీపం పెట్టాలంటూ సెలైన్ గొట్టం లాగేశారు. నేను భయంతో నర్సుని పిలిచాను. ఆక్సిజన్, ఈసీజీ, సోడియం అన్నీ చూశారు. గుండెకి ఏం కాలేదు. ఆపరేషన్ తర్వాత పెద్దవాళ్ళకి ఇలా మతి తప్పడం మామూలేనని, కళ్ళజోడు పెట్టి, లైటు వేసి, తెలిసిన మనిషి పక్కన కూర్చుని ఏ ఊళ్ళో ఉన్నారో, ఎందుకొచ్చారో చెబుతూ ఉండమన్నారు. నేను తెల్లవార్లూ మా ఊరి కబుర్లు చెబుతూ కూర్చున్నాను. పొద్దున్నకి "కాఫీ ఏదమ్మాయ్?" అన్నారు. ఆ పూటే ఫిజియోథెరపీ అబ్బాయి వచ్చి వాకర్ పట్టించి నిలబెట్టాడు. రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద ఇంజెక్షన్ కొన్నాళ్ళు ఇంట్లో కూడా కొనసాగింది.

సంక్రాంతికి వాకర్ పట్టుకుని వీధి అరుగుదాకా వస్తున్నారు. గుండె డాక్టరుగారికి తీరిగ్గా చూపించాం. తీరిగ్గా చూపించుకోవలసింది ఇప్పుడేనని ఆయన కూడా అన్నారు. నీరు పోయే మందు కలిసిన మాత్ర మార్చేశారు. గుండె లయ తప్పడం లేదని ఒక రోజంతా ఛాతీకి తగిలించే హోల్టర్ మిషన్ పెట్టి చూశారు. ఉపవాసం రోజు పాలు, పళ్ళు, మజ్జిగ తప్పకుండా తీసుకోవాలని ఆయనే స్వయంగా చెబితే అత్తయ్యగారు ఒప్పుకున్నారు. నేను చెబితే ఒప్పుకునేవారు కాదు. ఎముకలు బలపడటానికి కాల్షియం, విటమిన్ డి మొదలయ్యాయి. రెండో తుంటి విరక్కుండా చూసుకోవడం కూడా ఇందులో భాగమే.

కవాటం ఇంకా ఇరుకైతే ఛాతీ కొయ్యకుండా తొడ దగ్గర రక్తనాళంలోంచి కొత్త కవాటం అమర్చే టావీ అనే పద్ధతి ఉందని చెప్పారు. ఇప్పుడు వెంటనే అవసరం లేదు, ఏడాదిలోగా మళ్ళీ ఎకో తీసి చూడాలి. ఎకో రిపోర్టు, ఈసీజీ, మందుల చీటీ ఫోటోలు తీసి ఇంటిల్లిపాది ఫోన్లలోనూ పెట్టాం. ఏ అర్ధరాత్రి ఏ ఆస్పత్రికి వెళ్ళినా అవి చూపించొచ్చు. తర్వాతి ఎకో మా మరిది సెలవు మీద వచ్చే నెలలోనే పెట్టుకున్నాం. ఆ టావీ సంగతి డాక్టరుగారిని తనే ఎదురుగా కూర్చుని అడుగుతానన్నాడు.